రెండు మైళ్ళ గాడిద

క్లూనగారీ,
1998 ఫిబ్రవరి 3

తమ్ముడు మాలకీకి,

నీ క్షేమం తరవాత అడుగుతాను. ముందు మా నీళ్ళ సంగతి విను. ఈ పొద్దున కుళాయి తిప్పితే నీళ్ళు టీ రంగులో వచ్చాయి. టీ కాచే పని తప్పిందని నవ్వుకోబోయాను. వాసన తగిలాక నవ్వు రాలేదు. కొండ మీద పందుల ఫారం ఉంది కదా, వాన పడితే చాలు, అక్కడి పెంటంతా సరస్సులోకి దిగుతుంది. నాన్నా వాళ్ళూ 1966లో వేసిన గొట్టం ఆ సరస్సు నీళ్ళనే మా ఇళ్ళకి మోసుకొస్తోంది. వడపోత అంటే ఆ గొట్టం మూతికి కట్టిన జల్లెడ ఒక్కటే. మొన్న ఫెస్టస్ బాబాయి దాన్ని విప్పి నా ముందు పెట్టాడు. అందులో ఏముందో రాస్తే నువ్వు ఈ పూట అన్నం మానేస్తావు, అందుకని రాయను.

బాబాయికి డెబ్బై ఒకటి. నాన్న పోయినప్పటి నుంచీ నీళ్ళ సంఘానికి ఆయనే పెద్ద, రాతకోతలు నావి. ఆయన మనవరాలు షీలా నేను పాఠం చెప్పే తరగతిలోనే చదువుతోంది. క్రిస్మస్ ముందు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పడుంది. వాంతులు, విరేచనాలు, రక్తం కూడా. నీళ్ళ వల్లేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. వెంటనే ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు బడికొచ్చాడు. కుళాయి దగ్గర ముక్కు మూసుకుని, సెప్టెంబరులోగా మంచినీళ్ళు రాకపోతే బడి తలుపులు తెరవడానికి వీల్లేదని రాసిచ్చి పోయాడు.

ఇరవై ముగ్గురు పిల్లలు, ఇద్దరు టీచర్లు. అదీ మా బడి. ఊళ్ళో దుకాణం పోయింది, పోస్టాఫీసు పోయింది. బడి కూడా పోతే చిన్న పిల్లలున్న ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. ఇక మిగిలేది శ్మశానం. దానికి మాత్రం సర్కారువాళ్ళు పోయినేడు కొత్త గోడ కట్టించారు.

రెండు మైళ్ళ అవతల కిల్లీన్ కొండ ఊట నుంచి కొత్త గొట్టం, నీళ్ళు శుద్ధి చేసే చిన్న షెడ్డు. వాటికోసం సర్కారు గ్రాంటు అడుగుతూ నవంబరులో దరఖాస్తు పంపాం. అది నీ శాఖకే వచ్చి ఉంటుంది. దాన్ని ముందుకు తొయ్యమని అడగను. నువ్వు తోసే మనిషివి కావని నాకు తెలుసు. ఎక్కడుందో చూసి చెప్పు, చాలు.

నీ అక్క,
ఎత్నా


డబ్లిన్,
ఫిబ్రవరి 21

అక్కా,

నీ ఫైలు ఆరోగ్యంగా ఉంది. అంటే ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదన్నమాట. మా ఆఫీసులో ఫైలు ఆయుష్షు పెరిగేది అలాగే. అది నా బల్లకి మూడు బల్లల అవతల ఉంది, నెలాఖరుకి నా దగ్గరికే వస్తుంది. అంతకంటే రాయకూడదు. మీ ఊరు నా ఊరు కూడా కాబట్టి అసలే రాయకూడదు.

మేలో నాకు ఇంటర్వ్యూ. పద్నాలుగేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చున్నాను. ఈసారైనా సెక్షన్ పెద్దని చేస్తారని నీ మరదలు గ్రానియా ఆశ. నాకంటే తనకే ఎక్కువ తొందరగా ఉంది. మన పార్లమెంటు మెంబరు కిల్‌కాయిన్ మొన్న కారిడార్లో ఎదురుపడి, "ఏవయ్యా, మా పడమటి వాళ్ళు పైకి రారా ఇక్కడ?" అని భుజం తట్టాడు. ఆయన మాటకి ఇక్కడ విలువుంది. ఏం చేస్తాం, అలాంటి రోజులు.

షీలా సంగతి చదివి మనసు చివుక్కుమంది. నువ్వు ప్రతి జులైలో పంపే పుణ్యబావి నీళ్ళ సీసా మా వంటింటి కిటికీలోనే ఉంటుంది. పిల్లలకి ఒళ్ళు వెచ్చబడితే గ్రానియానే రెండు చుక్కలు నుదుట రాస్తుంది. డబ్లిన్‌లో పుట్టి పెరిగిన మనిషి!

నీ మాలకీ


క్లూనగారీ,
మార్చి 29

మాలకీ,

వచ్చేసిందిరా! మార్చి 16న, సెయింట్ పాట్రిక్ పండగ ముందు రోజు, నలభై ఒక్క ఇళ్ళకీ ఒకే ఉత్తరం వచ్చింది. పైన కిల్‌కాయిన్ ఫోటో, కింద ఆయన సంతకం. "మీ ఊరి నీటి పథకానికి గ్రాంటు విషయమై సానుకూల నిర్ణయం జరిగిందని తెలియజేయడానికి అమితంగా సంతోషిస్తున్నాను" అని. అమితంగానట! ఇన్నేళ్ళూ మేం తాగిన మురికికి అమితంగా ఏమీ అనిపించలేదు కాబోలు. పోనీ, ఇచ్చిన చెయ్యిని కొరకడం దేనికి.

అడుగున చీమంత అక్షరాల్లో అధికారిక ఉత్తర్వు తరవాత వస్తుందని ఉంది. దాన్ని ఎవరు పట్టించుకుంటారు? నాన్న పింఛను అలాగే వచ్చింది, నీ మొదటి ఉద్యోగం కబురూ అలాగే వచ్చింది. ముందు మెంబరు ఉత్తరం, వెనకాల సర్కారు కాగితం. ఒక్కసారైనా తప్పిందేమిటి? పండగనాడు ఫాదర్ ఆ ఉత్తరాన్ని చర్చి పూజలో చదివి వినిపించాడు. బయటికి రాగానే బాబాయి టోపీ తీసి, "ఏరా, ఇంకా దేనికి చూస్తున్నారు? నేల మెత్తగా ఉంది. బంగాళాదుంపలు వేసే రోజులొచ్చాయంటే ఒక్కడూ దొరకడు. రేపే పార పట్టండి!" అన్నాడు.

పట్టాం. 1966లో చేసినట్టే, ఎవరి గేటు ముందు ముక్క వాళ్ళే తవ్వాలి. మగదిక్కు లేని ఇంటి ముందు ముక్క మాత్రం ఊరంతా కలిసి అందరికంటే ముందు తవ్వాలి. ఆ లెక్కన మొదటి పూట నా గేటు ముందే అయింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. మా బడి పిల్లలు ఫ్లాస్కుల్లో టీ, హామ్ పెట్టిన రొట్టెలు మోశారు. మలుపు దగ్గర, ముట్టుకుంటే కీడని అందరూ భయపడే ఒంటి ముళ్ళచెట్టు ఉంది చూడు, ప్లాను దాని వేళ్ళ మీదుగా తిన్నగా పోతోంది. బాబాయి ఒప్పుకోలేదు. "ఇంజనీరుకేం, రాత్రికి వాడు డబ్లిన్‌లో పడుకుంటాడు. ఆ చెట్టు పక్కన పడుకోవాల్సింది నేను" అని కందకాన్ని గుండ్రంగా దాని చుట్టూ తిప్పించాడు.

ఆదివారం కిల్‌కాయిన్ వచ్చాడు. అద్దంలా మెరిసే బూట్లతో గట్టు మీద నిలబడి, తవ్వుతున్న టామ్ మెక్‌హేల్ చేతిలోంచి పార లాక్కుని ఫోటో దిగాడు. ఫోటో అవగానే పార ఇచ్చేసి చెయ్యి రుమాలుతో తుడుచుకున్నాడు.  అయినా టీ ఇచ్చాను. మా కుళాయి నీళ్ళతోనే కాచాను. ఒక్క గుక్క తాగి కప్పు పక్కన పెట్టేశాడు.

నువ్వు ఏమీ చెయ్యలేనన్నావు. చేశావో లేదో అడగను. నాన్న ఉంటే నిన్ను చూసి గర్వపడేవాడు.

ఎత్నా


డబ్లిన్,
ఏప్రిల్ 4

అక్కా,

వెంటనే తవ్వకం ఆపించు. కారణం ఇప్పుడు రాయలేను. కిల్‌కాయిన్ ఆ ఉత్తరం అప్పుడే వెయ్యకుండా ఉండాల్సింది. ఏ తారీఖున మొదలుపెట్టారో కచ్చితంగా రాసి తిరుగు టపాలో పంపు. నీ మేలుకే అడుగుతున్నాను. ఇంకెవరికీ చెప్పకు.

మాలకీ


క్లూనగారీ,
ఏప్రిల్ 9

మాలకీ,

నీ ఉత్తరం అందింది. రెండు మైళ్ళూ తవ్వడం అయిపోయిందిరా, ఆపడానికి ఏం మిగిలింది? సగం దూరం గొట్టం కూడా దించారు. ఎవరికీ చెప్పొద్దన్నావు కానీ బాబాయికి చెప్పకుండా ఉండలేకపోయాను. "డబ్లిన్ వాడికి భయం జలుబు లాంటిదమ్మా, ఎప్పుడూ ఉంటుంది" అన్నాడు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. మార్చి 18, బుధవారం, పొద్దున ఎనిమిదిన్నర. మొదటి పార ఫెస్టస్ బాబాయిది. ఆ రోజు ఆయన కొత్త కోటు వేసుకొచ్చాడు.

ఏమైందో చెప్పరా. నాకు నిద్ర పట్టడం లేదు.

ఎత్నా


డబ్లిన్,
జూన్ 2

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. గ్రాంటు తిరస్కరించారు. ఉత్తర్వు ఈ వారం మీకు చేరుతుంది. రాతపూర్వక అనుమతికి ముందే పని మొదలుపెట్టిన పథకానికి గ్రాంటు ఇవ్వరాదన్నది నిబంధనల్లో ఏడోది. అది నా చేతిలో లేదు. కమిటీ కూర్చుంది, కమిటీ నిర్ణయించింది. నాకు చేతనైనంత నేను మాట్లాడాను.

మీరు తొందరపడ్డారు. నిందించడానికి అనడం లేదు. దరఖాస్తు ఫారం వెనక ఆ నిబంధన అచ్చులోనే ఉంది. చదువుకున్నదానివి, నువ్వయినా చూసి ఉండాల్సింది.

బాబాయికి నువ్వే నెమ్మదిగా చెప్పు.

నీ మాలకీ

తా.క. ఇలాంటి వేళ రాయడం బాగుండదు కానీ, ఇంకొకరి నోట వినడం కంటే నయం. నన్ను సెక్షన్ పెద్దని చేశారు.


క్లూనగారీ,
జులై 26, ఆదివారం

మాలకీ,

ఈ రోజు పుణ్యబావి పండగ. ఏటా ఈ రోజే నీకు సీసా నింపుతాను. ఈ ఏడూ నింపాను, పార్సిల్‌లో ఉంది. మూత తియ్యకముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

కొత్త చట్టం ఒకటి వచ్చిందట, సర్కారు ఫైలు ఎవరైనా అడిగి తీసుకోవచ్చట. మా బడికొచ్చే లైబ్రరీ బండి అమ్మాయి చెప్పింది. అడిగాను. నీకు చెప్పలేదు. నువ్వు నాకు చెప్పనివి చాలా ఉన్నాయి, నాది ఇదొక్కటే. నిన్న గోధుమరంగు కవరు వచ్చింది. టీ తాగుతూ తెరిచాను.

పన్నెండో పేజీ కిల్‌కాయిన్ ఆఫీసు మీ శాఖకి రాసిన ఉత్తరం. "మార్చి 12న ఫోన్ చేసి క్లూనగారీ గ్రాంటు ఖాయమని ముందుగా తెలిపినందుకు శ్రీ మాలకీ గారవన్‌కు మా ప్రత్యేక కృతజ్ఞతలు." అంటే మా ఇళ్ళకొచ్చిన ఆ కబురు నీ నోటిదే! మాకు ఒక్క ముక్క చెప్పకూడదన్న నీ నియమం ఆయన దగ్గర ఏమైంది? మేలో ఇంటర్వ్యూ పెట్టుకుని మార్చిలో ఆయన చెవిలో ఊదావు. ఊదిన కబురు ఆయన ఊరంతా చాటాడు, మేం నమ్మి నేల తవ్వాం.

అక్కడికీ సరిపెట్టుకునేదాన్ని. మనిషన్నాక ఆశ ఉంటుంది. కానీ ముప్పై ఒకటో పేజీ ఉంది. టైపు చేసింది కాదు, చేతిరాత. "సంఘ కార్యదర్శి స్వయంగా తెలిపిన ప్రకారం పని మార్చి 18 ఉదయం ఎనిమిదిన్నరకు మొదలైంది. మొదటి పార సంఘాధ్యక్షుడిది. ఏడో నిబంధన ప్రకారం తిరస్కరించవలసిందిగా సిఫారసు." కింద నీ సంతకం. ఆ చేతిరాత నేను ఎక్కడైనా గుర్తుపడతాను. ఈ వంటింటి బల్ల మీద నీ చెయ్యి పట్టుకుని దిద్దించింది నేనే కదా.

కమిటీ అన్నావు. నీ సిఫారసుకి తల ఊపడమే ఆ కమిటీ చేసిన పని. కిల్‌కాయిన్‌కి ముందుగా ఎవరు చెప్పారని పైవాళ్ళు ఆరా తీసే లోపలే తప్పు మా నెత్తిన పెట్టేశావు. పాపం, తెలివైన పనే. కానీ ఆ మొదటి పార సంగతి దేనికి రాశావురా? నిబంధనకి తారీఖు చాలదా? ముసలాయన సంబరాన్ని నేను నీకు రాస్తే దాన్ని కూడా సాక్ష్యం కింద జతచేశావు! నాకు నీ మీద కోపం కూడా రావడం లేదు. అసహ్యం వేస్తోంది.

బాబాయికి ఇంకా చెప్పలేదు. రోజూ పొద్దున కందకంలోకి దిగి నిలిచిన వాననీళ్ళు బక్కెట్‌తో తోడుతున్నాడు. గట్లు కూలిపోతాయట. "సర్కారు పొరపాటు పడిందమ్మా, మన మాలకీ అక్కడున్నాడుగా, సరిచేస్తాడు" అంటాడు. షీలాని వాళ్ళమ్మ పట్నం బడిలో చేర్చింది. ఇంకో నాలుగు ఇళ్ళవాళ్ళు చేర్చబోతున్నారు.

ఒక్క పని చెయ్యి. గ్రాంటు ఖాయమని ముందుగా చెప్పింది మీ శాఖేనని, చెప్పిన మనిషివి నువ్వేనని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టు. లాయరుని అడిగాను. ఆ వాక్యం ఉంటే తిరస్కారాన్ని తిరగదోడవచ్చన్నాడు. సెప్టెంబరు ఒకటికి బడి తెరవాలి.

సీసాలోవి బావి నీళ్ళు కావు. మా కుళాయి నీళ్ళు. తాగమని కాదు, వాసన చూడమని పంపాను.

ఎత్నా


డబ్లిన్,
ఆగస్టు 12

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కాదనడానికి ఏమీ లేదు. కానీ ఆ ఒక్క వాక్యం నేను రాయలేను. రాసిన రోజే నన్ను బయటికి పంపుతారు. ముగ్గురు పిల్లలు, గ్రానియా వాళ్ళ అమ్మ కూడా మా దగ్గరే ఉంటోంది. నలభై మూడేళ్ళవాణ్ణి, ఇంకో పని చేతకాదు. నువ్వు అక్కవి, అర్థం చేసుకుంటావనే ఆశ ఇంకా ఉంది.

ఊరికి మేలు చేసే దారి ఇంకోటుంది. పని మొదలుకాని పథకానికి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కందకం పూడ్చేయండి. గొట్టాలు బయటికి తీసి ఎవరి కొట్టంలోనైనా పడెయ్యండి. గడ్డి మొలిచేదాకా ఆగక్కర్లేదు. వచ్చే ఇన్‌స్పెక్టరు మరీ లోతుగా చూడకుండా నేను చూసుకుంటాను. ఫైలు నంబరు పడితే చాలు, దాన్ని చూపించి బడికి క్రిస్మస్ దాకా గడువు తెచ్చుకోవచ్చు. చివరి సంతకం ఇప్పుడు నాదే. పెడతాను, ఒట్టు. ఈ ఉత్తరం మాత్రం చదవగానే చింపెయ్యి.

సీసా మూత తీశాను. తియ్యగానే సింకులో పారబోశాను. ఆ కంపు సాయంత్రందాకా వంటిల్లు వదల్లేదు. గ్రానియా ఇంట్లో కిటికీలన్నీ తెరిచి పిల్లల్ని బయటికి పంపేసింది. ఇంత ఘోరంగా ఉంటుందని నిజంగా అనుకోలేదక్కా.

నీ మాలకీ


క్లూనగారీ

మాలకీ,

ఇక్కడ ఎవరూ ఎప్పుడూ ఏమీ తవ్వలేదు. నువ్వు ఎవరి నోటో పొరపాటుగా విని ఉంటావు.

మీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మంచి కుర్రాడు, బూట్లకి మట్టంటుకున్నా విసుక్కోలేదు. రోడ్డు వెంట కొత్తమట్టి చూసి, "ఇదేంటి పెద్దాయనా, ఇక్కడేమైనా తవ్వారా?" అని అడిగాడు. ఫెస్టస్ బాబాయి టోపీ తీసి, "గాడిద చచ్చిపోతే పాతిపెట్టాం సార్" అన్నాడు.

"ఇంత పొడుగు గాడిదా?"

"రెండు మైళ్ళుంటది సార్. డబ్లిన్ నుంచి వచ్చిన జాతి."

 ఆ కుర్రాడు మలుపు దాకా నడిచాడు. ముళ్ళచెట్టు చుట్టూ మట్టి గుండ్రంగా తిరిగిన చోట కాసేపు నిలబడ్డాడు. "చెట్టుని మాత్రం తప్పుకుంది, తెలివైన గాడిదే" అని, ఏ పనీ మొదలుకాలేదని రాసుకుని వెళ్ళిపోయాడు. అతను నీ మాట మీదే అలా రాశాడో, మా మొహాలు చూసి రాశాడో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

అంతకుముందు బాబాయికి ఆ రెండు పేజీలూ చూపించక తప్పలేదు. ఎందుకు పూడ్చాలో చెప్పకుండా ఆ మనిషి చేతికి పార ఎలా ఇస్తాను? ముప్పై ఒకటో పేజీ రెండుసార్లు చదివాడు. "నా పార సంగతి కూడా రాశాడే!" అన్నాడు, అంతే. వెళ్ళి తన గేటు ముందు ముక్క తన చేతులతోనే పూడ్చుకున్నాడు. టామ్ సాయానికి వెళ్తే రానివ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో నీ పేరు ఎత్తకూడదు.

ఆచారం ప్రకారం మొదట నా గేటు ముందే పూడ్చారు. తవ్విన చేతులే, అదే వరస. నేను గుమ్మంలో నిలబడి చూశాను. పిల్లలకి అబద్ధమాడొద్దని ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్న నోటితోనే, ఎవరైనా అడిగితే ఏమీ చూడలేదని చెప్పమని వాళ్ళకి నేర్పాను. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. నా మీద నాకే రోత పుట్టింది. ఆ రోత నీ పుణ్యమే.

నువ్వన్నట్టే ఫైలు నంబరు చూసి బడికి క్రిస్మస్ దాకా గడువిచ్చారు. నీళ్ళలో ఏ మార్పూ లేదు. అవే నీళ్ళు, అదే కంపు. నిన్నటి దాకా ప్రాణాంతకమన్న కుళాయి, ఫైలుకి నంబరు పడగానే పనికొచ్చింది. మిగిలిన పద్నాలుగు మంది పిల్లలు తాగడానికి నీళ్ళ సీసాలు పట్టుకుని వస్తున్నారు.

ఒక్క సీసాకి మీ ఇంట్లో కిటికీలన్నీ తెరిచారన్నావు. నువ్వు పారబోసుకున్నావు, మేం తాగాం. అంతే తేడా.

అమ్మ సంవత్సరీకానికి రావద్దు. ఫాదర్‌కి నీకు ఆఫీసులో తీరిక లేదని చెప్పాను. ఇప్పుడు అబద్ధాలు నాకు బాగానే వస్తున్నాయి. నువ్వు చింపెయ్యమన్న ఉత్తరం చింపలేదు. అది నా బడి బీరువాలో పన్నెండో పేజీకీ ముప్పై ఒకటో పేజీకీ మధ్య భద్రంగా ఉంది. మా కాగితం నీ బల్ల మీదికి వచ్చేసరికి ఆ సంగతి గుర్తుపెట్టుకుని సంతకం పెట్టు.

ఈ ఉత్తరం మీద తారీఖు ఎందుకు లేదని వెతుకుతున్నావేమో. ఇక మీదట నీకు ఏ తారీఖూ రాయను.

ఎత్నా గారవన్,
కార్యదర్శి, క్లూనగారీ నీళ్ళ సంఘం